గాలి వదలమన్న గొంతు

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నేను చెప్పలేను. ఇది ఎవరి దగ్గరో విన్నది కాదు. నాకే జరిగింది. దయ్యం అని కూడా అనను... ఏమనాలో తెలియకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను.

మాదన్నపేట వైపు ఒక పాత ఆస్పత్రిలో నేను ఏసీ ఆపరేటర్‌ని. ప్రభుదాస్ నా పేరు, అందరూ ప్రభన్న అంటారు. అక్కడ పై అంతస్తులో మూతపడిన ఆపరేషన్ థియేటర్ ఒకటి ఉంది. దాని ఏసీ గొట్టాలకు ఏనాడో చుట్టిన ఆస్బెస్టాస్ పొర పొడిపొడిగా రాలుతోంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ బయటికి రాదు. ఏళ్ళ తర్వాత మనిషిని తినేస్తుంది. దాన్ని తీయడానికి మనుషులు వచ్చారు. పగలంతా ఓపీ జనం. అందుకని పని రాత్రిపూట.

సరిగ్గా ఆ గది కింద పిల్లల వార్డు. పైకీ కిందికీ ఒకటే గొట్టం.

వాళ్ళ మేస్త్రీ యూసుఫ్ భాయ్ మొదటి రోజే నన్ను ఏసీ ప్యానెల్ ముందు నిలబెట్టి చెప్పాడు.

"దీనికి తాళం వెయ్యి ప్రభు భాయ్. చాబీ నీ జేబులనే ఉండాలె. కరెంట్ పోనీ, ఎవరన్నా లొల్లి చెయ్యనీ... ఏసీ మాత్రం చాలూ చెయ్యకు. ఒక్కసారి ఫ్యాన్ తిరిగిందంటే దుమ్మంత కింద పిల్లల మీదనే పడ్తది."

"లోపల మీకు ఏమన్నా అయితే ఎట్ల మరి?"

"మాస్క్ ఏసుకొని లోపలికి రా. బయటికి గుంజుకపో. గంతే."

నాకోసం ఒక మాస్కు, ఒంటినిండా వేసుకునే తెల్ల తొడుగు మేకుకు తగిలించి పెట్టాడు. ఎలా వేసుకోవాలో రెండుసార్లు వేయించి మరీ చూపించాడు.

తలుపుకూ, గాలి వచ్చే జాలీలన్నిటికీ మందపాటి ప్లాస్టిక్ అంటించారు. లోపలి గాలిని వడగట్టి బయటికి లాగేసే మిషన్ ఒకటి పెట్టారు. అది తిరుగుతున్నంతసేపూ తలుపు మీది ప్లాస్టిక్ లోపలికి గుంజుకుపోయి బిగుతుగా ఉంటుంది. అలా ఉంటే భయం లేదు. దుమ్ము బయటికి రాదు.

ఒక రాత్రి యూసుఫ్ భాయ్, అతని దగ్గర పనిచేసే యాదగిరి లోపలికి వెళ్ళడం చూశాను. కిందికి పోయి నీళ్ళ మోటారు చూసుకుని వచ్చేసరికి వరండాలో ఎవరూ లేరు. ఇంకా లోపలే ఉన్నారనుకున్నాను. కుర్చీలో కూర్చున్నాను. మిషన్ గుర్రుమని తిరుగుతోంది.

కరెంట్ పోయింది.

జనరేటర్ కింది వార్డులకూ, ఈ ఏసీకీ మాత్రమే. పైన చీకటి. మిషన్ చప్పుడు సన్నగిల్లి... సన్నగిల్లి... ఆగింది. ఫోన్ లైటు వేసి తలుపు వైపు చూశాను. ప్లాస్టిక్ మెల్లగా వదులై వేలాడింది.

అంతవరకూ మామూలే.

తర్వాత అది కదిలింది. లోపలికి పోయింది... ఆగింది... బయటికి ఉబ్బింది. మళ్ళీ లోపలికి. చర్... చర్... అని సన్నటి చప్పుడు. మిషన్ ఆగిపోయింది. ఏసీ తాళం చెవి నా జేబులో ఉంది. కిటికీలన్నీ మూసి టేపు వేశారు. గాలి ఎక్కడిది? నిద్రపోతున్న మనిషి రొమ్ములా లేస్తోంది, దిగుతోంది.

అప్పుడు గొంతు వినిపించింది. ప్లాస్టిక్ వెనక నుంచి కాదు. పైన, గొట్టంలో నుంచి.

"అన్నా..."

యాదగిరి గొంతు.

"అన్నా... జర గాలి వదులు... గాలి ఆడ్తలేదు..."

నా చేయి దానంతటదే జేబులోకి పోయింది. తాళం చెవి చల్లగా తగిలింది. కింద పసిపిల్లలు. చేయి బయటికి తీసేశాను. సరే... గాలి వదలకూడదు. మరి లోపలికి వెళ్ళాలి కదా. మాస్కు మేకుకు ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

నేను చాపలేదు.

మళ్ళీ పిలిచింది. ఈసారి మాట లేదు... ఊపిరి లాగడం ఒక్కటే. బోరింగులో నీళ్ళు అయిపోయాక వచ్చే చప్పుడు లాగా. నేను కుర్చీలోంచి జారి గోడ మూలకు పోయాను. రెండు చెవులూ మూసుకున్నాను. ప్రార్థన చేద్దామంటే ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. ఎంతసేపు అలా ఉన్నానో చెప్పలేను. చెవులు మాత్రం తెరవలేదు.

లైట్లు వెలిగాయి. మిషన్ తిరిగింది. ప్లాస్టిక్ ఠక్కున బిగుసుకుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. యూసుఫ్ భాయ్, వెనకే యాదగిరి. గేటు దగ్గర చాయ్ తాగి వస్తున్నారు.

"ఏంది ప్రభు భాయ్, కింద కూసున్నవ్?"

"లోపల ఎవరున్నరు?" అన్నాను.

"ఎవరుంటరు? నువ్వు మోటర్ కాడికి పోయినంక మేము బయటికొచ్చినం గదా."

విన్నదంతా చెప్పాను. యూసుఫ్ భాయ్ నవ్వలేదు. ఇద్దరూ మాస్కులు వేసుకుని లోపలికి వెళ్ళి మూలమూలా వెతికారు. ఎవరూ లేరు. అతికించిన టేపు ఎక్కడా ఊడలేదు. కింది వార్డు నర్సును కూడా అడిగాను. అందరూ నిద్రలోనే ఉన్నారంది. మగవాళ్ళెవరూ ఆ రాత్రి వార్డులో లేరంది.

పొద్దున ఇంజనీరు సార్ వచ్చారు. సంగతి ఆయన దాకా సగమే పోయింది. అందరినీ పిలిచి నా భుజం తట్టారు. "కరెంట్ పోయినా ప్రభు ఆగమాగం కాలేదు. ఏసీ ముట్టలేదు. పిల్లల్ని కాపాడిండు. డ్యూటీ అంటే గిట్ల చెయ్యాలె."

చప్పట్లు కొట్టారు. నేను నా చెప్పుల వైపే చూస్తూ నిలబడ్డాను. ఏసీ వేయకపోవడం నిజమే. కానీ మూలకు నక్కినవాడు ఏసీ ఎలా వేస్తాడు? ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. సార్ చేయి భుజం మీద ఉన్నంతసేపూ మంట పెట్టినట్టే ఉంది.

అందరూ వెళ్ళాక యాదగిరి ఆగాడు. హెల్మెట్ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"అన్నా... అచ్చం నా గొంతేనా?"

"నీ గొంతే యాదగిరీ. ఒట్టు."

"నేనే లోపల ఉన్న అనుకున్నవా?"

"అనుకున్న."

 కోపం లేదు అతని మొహంలో.

"మరి రాలేదేందన్నా?"

గొట్టంలో ఇరుక్కున్న గాలి అంటాడు యూసుఫ్ భాయ్. పావురం అన్నారు ఇంకొకరు. అయి ఉండొచ్చు. నా పేరు పెట్టి పిలవలేదు కదా, అన్నా అనే కదా అంది... అని నేనూ ఎన్నోసార్లు సర్ది చెప్పుకున్నాను. గాలికి గొంతు ఉంటుందా? ఏమో. ఆ పని అయిపోయింది, ఆ గది ఇప్పుడు శుభ్రంగా ఉంది, తాళం కూడా వేయరు. యాదగిరి ఈ మధ్య కూడా బజారులో కనిపించాడు. కొడుకు చేయి పట్టుకుని వస్తున్నాడు. నన్ను చూసి చేయి ఎత్తాడు. నేను కూరగాయల బండి చాటుకు తప్పుకున్నాను.