బాబిన్ చూపిన చోటు

మా పిన్ని ఇరవై రెండేళ్లుగా హాల్లో కిటికీ పక్కన మిషన్ వేసుకుని బట్టలు కుడుతోంది. వీధిలో సగం మంది కొలతలు ఆవిడకు నోటికి వచ్చు. ఎవరు లావయ్యారో వాళ్ల ఇంట్లోవాళ్ల కంటే ముందు ఆవిడకే తెలుస్తుంది. ఈమధ్య మాత్రం నల్ల గుడ్డ మీద నల్ల దారం కనబడక అవస్థ పడుతోంది. అందుకే హాలుకు ఫాల్స్ సీలింగ్ వేయిద్దామని బాబాయి అనగానే సంబరపడిపోయింది.

లైట్లు పెట్టే పని మా మామయ్యది. పిన్నికి స్వయానా తమ్ముడు, ఎలక్ట్రీషియన్. సీలింగ్‌లోకి ఒదిగిపోయే గుండ్రటి లైట్లు నాలుగు తెచ్చాడు.

"ఒకసారి కన్నం కోశాక ఇక జరపలేం. ఎక్కడ కావాలో ఇప్పుడే చెప్పక్కా" అన్నాడు.

పిన్ని మిషన్ ముందు కూర్చుంది. లైటు వెనక ఉంటే తల నీడ సూది మీద పడుతుంది, కుడివైపు ఉంటే చేతి నీడ. ఎడమవైపు, కాస్త ముందుకు ఉండాలి. దారానికి బాబిన్ కట్టి తమ్ముడికిచ్చింది. ఆయన నిచ్చెనెక్కి దారం కొస సీలింగ్‌కు ఆనించి జరుపుతుంటే, వేలాడే బాబిన్‌నే చూస్తూ "ఇంకొంచెం... ఆగు, అక్కడే!" అంది. ఆయన పెన్సిల్‌తో సున్నా చుట్టాడు.

"మిగతా మూడూ మీ ఇష్టం. ఇదొక్కటీ నాది" అంది పిన్ని.

మర్నాడు పిన్ని, కుట్టిన బట్టలు ఇచ్చి వచ్చేసరికి లైట్లు వెలుగుతున్నాయి. నాలుగూ టీవీ గోడ ముందు వరసగా ఉన్నాయి. మిషన్ మీద చీకటి. దాని పైన పెన్సిల్ సున్నా చెక్కుచెదరలేదు.

"ఇదేంట్రా?"

మామయ్య బాబాయి వైపు చూశాడు. బాబాయే అందుకున్నాడు. "వచ్చినవాళ్ల ముందు ఆ గుడ్డముక్కలు నామోషీగా ఉంటున్నాయి. మిషన్ వెనక గదిలోకి మార్చేద్దాం అనుకున్నాం."

"అనుకున్నారా? ఎవరెవరు?"

"బావ నెల కిందటే చెప్పాడక్కా" అన్నాడు మామయ్య. "నీకు చెబితే ఒప్పుకోవని..."

నెల కిందట! అంటే నిన్న దారం పట్టుకున్నప్పుడు మామయ్యకు తెలుసు. సున్నా చుట్టినప్పుడూ తెలుసు. బాబాయి సంగతి సరే, ఆయన మొదటినుంచీ అంతే. నాకు ఒళ్లు మండింది మామయ్య మీద. ఆయన ఒంటి మీదున్న చొక్కా కూడా పిన్ని కుట్టిందే.

"ఆ గదికి కిటికీ కూడా లేదురా" అంది పిన్ని.

"మంచి లైటు పెడతాలే అక్కా. నీ కొలత ప్రకారమే."

పిన్ని మిషన్ మీద గుడ్డ కప్పింది. తమ్ముడి వైపు చూడకుండానే అంది:

"ఒకరికి కొలతలు తీసి ఇంకొకరికి కుట్టడం ఇన్నేళ్లలో నేనెప్పుడూ చేయలేదురా. బయటివాళ్లకు కూడా."