తెరిచిన తలుపు

రెండువేల ఎనిమిదిలో, గల్ఫ్‌లో, అల్ అమెరాత్‌లోని మా ఫ్లాటులో, నా కూతురు ఐదో నెల కడుపుతో ఉంది. వాళ్లమ్మకు షుగరుంది కాబట్టి కూతురికీ రావచ్చని డాక్టరమ్మ హెచ్చరించి, తేలికపాటి యోగా నేర్పించింది. పొద్దున్నే నేనే చాప పరిచేవాణ్ణి.

పక్కింటి కడప ఆవిడ అరిసెల డబ్బాతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. “ఏందన్నా, కడుపుతో ఉండే పిల్లతో కసరత్తు చేపిస్తాండావు! తలుపన్నా మూయి, దిష్టి తగుల్తాది. ఇద్దరికి సరిపడా తినల్ల బిడ్డ.”

“ఇద్దరికీ షుగరు తెప్పిద్దామనా తల్లీ?” అన్నాను.

“బడికి పోనోడివి, నీకేం తెలుసన్నా?”

ఈ దేశం వచ్చిన కొత్తలో డ్యూటీ దిగాక లేబర్ రూములో కూర్చుని నేర్చుకున్న అక్షరాలతోనే డాక్టరమ్మ ఇచ్చిన కాగితాలన్నీ చదివానని గట్టిగా చెప్పాను.

“నాయనా, తలుపు బార్లా తెరువు. చూసేవాళ్లను చూడనీ,” అంది కూతురు.

కాన్పయ్యేదాకా యోగా వేళ తలుపు మూయలేదు. అరిసెల డబ్బాను మాత్రం మూత తీయకుండానే తిప్పి పంపాను.