కంపెనీ బిగించని రాడ్లు

పోయిన నెల విజయవాడ నుంచి తాడేపల్లిగూడెం వస్తూ గుండుగొలను దగ్గర టీ కోసం కారు ఆపించాను. పక్కనే ఒక పొడవాటి లారీ ఆగి ఉంది. దానిమీద తాళ్ళతో కట్టేసిన పాతకాలపు రెండు సీట్ల కారు, ముందువైపు టార్పాలిన్ జారిపోయి, నున్నగా దువ్విన గుర్రంలా మెరుస్తోంది. ఎక్కడికో ప్రదర్శనకి తీసుకెళుతున్నారట. యజమాని నడివయసు మనిషి. టీ కొట్టాయన అడగకపోయినా చెబుతున్నాడు. “ఒక్క బోల్టు కూడా బయటిది కాదండి. అన్నీ కంపెనీవే.” కొట్టాయన గ్లాసులు కడుగుతూ “అలాగాండీ” అని ఊరుకున్నాడు. నేను టీ సగంలో వదిలేసి వచ్చి కార్లో కూర్చున్నాను. ఆ మాట నేను మొదటిసారి విన్నది ఏలూరులో, మా పెద్దమావయ్య నోట.

మా అమ్మకి ఇద్దరు అన్నదమ్ములు. పెద్దమావయ్య అమ్మకి అన్నయ్య, చిన్నమావయ్య తమ్ముడు. వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, మిషన్ ఆసుపత్రిలో డాక్టరు. జూట్ మిల్లులో పనిచేసిన ఒక ఇంగ్లీషు ఇంజనీరు దేశం వదిలి వెళ్ళిపోతూ, తన భార్య ప్రాణం కాపాడినందుకు, తన ముచ్చటైన కారుని తాతయ్యకి నామమాత్రపు ధరకి ఇచ్చేసి వెళ్ళాడు. మనిషి కూర్చుంటే నేలకి జానెడు ఎత్తులో ఉండే కారు అది. ఆదివారాలు తాతయ్య దానిలో చర్చికి వెళితే, పాస్టరుగారి ప్రసంగం కన్నా దాని శబ్దమే జనానికి ఎక్కువ గుర్తుండేదని అమ్మమ్మ నవ్వేది. కారు వచ్చిన మరుసటి ఏడు చిన్నమావయ్యకి పోలియో వచ్చింది. ఊరందరి పిల్లలకీ వైద్యం చేసిన మనిషి తన కొడుకు కుడికాలు ఎండిపోతుంటే చూస్తూ ఉండిపోయాడు. పిల్లాడు పెద్దవాడయ్యాక, తాతయ్య తాడేపల్లిగూడెంలో ట్రాక్టర్లు బాగుచేసే కమ్మరి చేత రెండు ఇనుప రాడ్లు చేయించాడు. ఒకటి చేత్తో కిందకి తోస్తే బ్రేకు పడుతుంది. రెండోది స్టీరింగు కింద వేలితో తిప్పితే కారు వేగం అందుకుంటుంది. క్లచ్చికి ఎడంకాలు ఉండనే ఉంది. గూడెంలో యుద్ధకాలంనాటి విమానాల రన్‌వే ఉంది కదా, దానిమీద మేకల్ని తోలేసి, పక్కన కూర్చుని తాతయ్యే నేర్పాడు. అప్పటిదాకా ఒకరు ఎత్తుకుంటేనో పట్టుకుంటేనో తప్ప గుమ్మం దాటని పిల్లాడు ఆ రోజు రన్‌వే ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కడే వెళ్ళి వచ్చాడట.

నాకు తెలిసేసరికి చిన్నమావయ్య నడివయసు మనిషి. పెళ్ళి చేసుకోలేదు. మండవల్లి దగ్గర చేపల చెరువులు కౌలుకి తీసుకుని, రోజూ పొద్దున్నే ఏలూరు నుంచి ఆ కార్లోనే వెళ్ళేవాడు. ఇంగ్లండులో ఏ ప్రభువుల బిడ్డ కోసమో చేసిన కారు కొల్లేటి గట్టుమీద తవుడు బస్తాలు మోసేది. సీటు వెనక వేరుశనగ చెక్క, కాళ్ళ దగ్గర వలముక్కలు, పైన కొంగల రెట్టలు. అందులో ఎక్కి దిగితే స్నానం చేసినా చేపల వాసన పోయేది కాదు. విరిగిన ప్రతి వస్తువుకీ బదులు ఏదో ఒకటి దొరికేది: జీపు హారను, ట్రాక్టరు బ్యాటరీ, చెరువుకి నీళ్ళు తోడే ఇంజన్ తాలూకు రబ్బరు గొట్టం. కాలికి ఇనుప క్యాలిపర్ కట్టుకుని ఇంట్లో అడుగు తీసి అడుగు వేయడానికి అవస్థపడే మనిషి, ఆ కార్లో కూర్చోగానే వేరే అయిపోయేవాడు. మలుపుల్లో ఈల వేసేవాడు. గట్టుమీద ఎదురొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకుని “డాక్టరుగారి అబ్బాయండీ” అనుకునేవారు. కుంటాయన అని అనుకునేవారు కాదు.

రెండువేల సంవత్సరం దాటాక పెద్దమావయ్య రిటైరై ఏలూరు వచ్చేశాడు. ఉత్తరదేశంలో ఒక పెద్ద ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ చేసే అధికారిగా బతుకంతా గడిపినవాడు. అన్నం మెతుకుల్లో కూడా ఒకటి చిన్నదిగా ఉంటే కనిపెట్టే చూపు. నాకు అప్పుడే ఏలూరులో కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం రావడంతో వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. కారు తాతయ్య హయాంలోనే పెద్దకొడుకు పేరుమీద రాయించి ఉంది. ఒక ఆదివారం ఆయన షెడ్డులోకి వెళ్ళి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, చాలాసేపు కారు చుట్టూ తిరిగాడు. సాయంత్రం భోజనాల దగ్గర దాన్ని ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా చేస్తానని ప్రకటించాడు. చిన్నమావయ్యే అందరికన్నా సంతోషించాడు. గొట్టాలన్నీ కారిపోతున్నాయి, మంచి పని అన్నాడు.

అప్పటి నుంచి నేను కాలేజీ అయ్యాక పవర్‌పేటలో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి కూర్చునేదాన్ని. పక్క గదుల్లో పిల్లలు పరీక్షాఫలితాలు చూసుకుంటుంటే నేను ఆ కార్లు ఉన్న ముసలి దొరలకి ఉత్తరాలు టైపు చేసేదాన్ని. మీ కారు బోల్టు తలమీద ఏ అక్షరాలున్నాయి? గొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్పు తీగదా, రేకుదా? మర తలమీద ఒక్క గాటా, రెండు గాట్లా? వాళ్ళు నిజంగానే జవాబులు రాసేవారు. కొందరు భార్య ఆరోగ్యం గురించి కూడా రాసేవారు. మావయ్య ఆ భాగం వదిలేసి చదవమనేవాడు. ఇంట్లో ఉన్న పాత ఫొటోలన్నీ బయటికి వచ్చాయి. మా అమ్మ పెళ్ళి ఫొటోలో వెనక కారు దీపం కనిపిస్తోందని, ఆ ముక్క మాత్రం పెద్దది చేయించి గోడకి తగిలించాడు. ఆ ముక్కలో దీపం పక్కన అమ్మ మోచెయ్యి ఉంది. అమ్మ వచ్చి చూసి, “మోచెయ్యి కంపెనీదేనా అన్నయ్యా?” అంది. ఆయన నవ్వలేదు. దీపం చుట్టూ ఉన్న రింగు వెడల్పు కొలుచుకుంటున్నాడు.

విడిభాగాల పుస్తకం నకలు ఇంగ్లండు నుంచి వచ్చాక అసలు పని మొదలైంది. సుద్దముక్క పట్టుకుని పెద్దమావయ్య కారు చుట్టూ తిరుగుతున్నాడు. చిన్నమావయ్య స్టూలుమీద కుడికాలు చాపుకుని కూర్చున్నాడు. ఏది ఎప్పుడు మార్చారో తెలిసినవాడు ఆయన ఒక్కడే. అది జీపుది, ఇది ఫలానా వరదల తర్వాత వేయించింది, ఆ అద్దం నాన్న మద్రాసు నుంచి తెచ్చాడు అని ఆయన చెబుతుంటే, ఈయన ఒక్కొక్కదానిమీద అడ్డగీత గీస్తున్నాడు. చిన్నమావయ్య ముఖంలో ఉత్సాహం కూడా ఉంది. తన జీవితం గురించి ఎవరైనా అంత వివరంగా అడగడం అదే మొదలు కాబోలు. చివరికి కారు నిండా తెల్ల గీతలు పడ్డాయి. పెద్దమావయ్య వంగి లోపలికి చూస్తూ ఆగాడు. నేనూ అత్తయ్యా గుమ్మంలో ఉన్నాం.

“అవి కూడా కంపెనీవి కాదు కదా అన్నయ్యా,” అన్నాడు చిన్నమావయ్య. తమాషాకే అన్నాడు.

పెద్దమావయ్య రెండు రాడ్లమీదా సుద్దగీత గీశాడు.

అత్తయ్య నోట్లో మాట నోట్లో ఉంచుకునే మనిషి. ఆ రోజు మాత్రం, “ఏవండీ, అవి తీసేస్తే మరిదిగారు చెరువులకి ఎలా వెళతారండీ?” అంది. ఆయనకి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. నచ్చజెబుతున్నట్టు, మెత్తగా తమ్ముడివైపు తిరిగి అన్నాడు. “కంపెనీవాడు కాలు లేనివాళ్ళ కోసం చెయ్యలేదు కదరా ఈ కారు.”

తర్వాత సర్దిచెప్పాడు. హైదరాబాదులో పాత కార్ల పోటీ ఉంది, అది అయిపోగానే మళ్ళీ బిగించేద్దాం అన్నాడు. చిన్నమావయ్య, “మీ ఇష్టం అన్నయ్యా,” అన్నాడు. మెకానిక్ రంపంతో కోసి తీసిన రాడ్లు కొన్నాళ్ళు షెడ్డు మూల ఉన్నాయి. ఆ తర్వాత పాత ఇనుము కొనేవాడు బండితో వచ్చినప్పుడు తక్కిన తుక్కుతో పాటు అవీ వెళ్ళిపోయాయి. చేయి పట్టుకునే చోట అరిగి నున్నగా మెరిసేవి.

కారు మాత్రం అద్భుతంగా తయారైంది, అబద్ధం చెప్పకూడదు. చువ్వల చక్రాలు, తోలు సీట్లు, ఆ ఏడాది కంపెనీ వేసిన సరిగ్గా అదే ఎరుపు. చిన్నమావయ్య ఒకసారి కూర్చుంటానని అడిగితే, తోలుకి గీత పడుతుందని క్యాలిపర్ విప్పించి, సీటుమీద దుప్పటి పరిచి, ఇద్దరు మనుషుల చేత ఎత్తించి కూర్చోబెట్టాడు. చిన్నమావయ్య స్టీరింగు పట్టుకున్నాడు. కుడిచెయ్యి తనంతట తాను రాడ్డు కోసం కిందకి వెళ్ళి, ఏమీ దొరక్క, ఒళ్ళో పడింది. “చాలా బాగుంది అన్నయ్యా,” అన్నాడు.

పోటీలో రెండో బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేత ఒకాయన కారు కిందకి దూరి, అడుగు రేకుమీద రాడ్లు దిగిన రెండు చిల్లులు పూడ్చి వెల్డింగు చేసిన మచ్చలు పట్టుకున్నాడట. ఇంటికొచ్చిన రోజు రాత్రి భోజనాల దగ్గర పెద్దమావయ్య కప్పు కూడా చూపించలేదు. “నీ చిల్లుల మూలంగా పోయిందిరా,” అన్నాడు తమ్ముడితో. చిన్నమావయ్య పప్పు వడ్డించుకుంటున్నాడు. గరిటె గిన్నెలో పెట్టేసి, “పొరపాటైంది అన్నయ్యా,” అన్నాడు. ఏది పొరపాటో ఎవరూ అడగలేదు. మరుసటి నెల ఇంగ్లండు నుంచి కొత్త అడుగు రేకు వచ్చింది. దానికి మళ్ళీ చిల్లులు పొడవడమనే మాటే లేదు. కావాలంటే ఆటో మాట్లాడతానని పెద్దమావయ్య ఉదారంగానే చెప్పాడు.

చిన్నమావయ్య బస్సుల్లో వెళ్ళడం మొదలుపెట్టాడు. మెట్టు ఎత్తుగా ఉంటే కండక్టరు చంకల కింద చేతులు వేసి పైకి లాగేవాడు. మండవల్లిలో దిగాక చెరువుల దాకా గట్టుమీద నడవాలి. వానలు పడ్డాక ఆ జిగటమట్టిలో మామూలు మనుషులే పడిపోతారు. ఆయన ఒకసారి జారి చెరువులో పడి, క్యాలిపర్ బరువుకి లేవలేక, మేత వేసేవాళ్ళు చూసేదాకా గడ్డి పట్టుకుని మెడలోతు నీళ్ళలో ఉన్నాడు. అంతకుముందు ఆ కారు శబ్దం వినగానే సర్దుకునే కాపలావాళ్ళకి ఇప్పుడు భయం లేదు. ఆయన ఎప్పుడొస్తాడో బస్సు టైమునిబట్టి తెలిసిపోతుంది. చేపలు రాత్రికి రాత్రి మాయమయ్యేవి. కౌలు గడువు ముగియగానే చెరువులు వదిలేసి, రెండు సంచులతో గూడెంలో మా అమ్మ దగ్గరికి వచ్చేశాడు. ఉల్లిపాయల మార్కెట్లో ఒక కమీషన్ కొట్లో కూర్చుని లెక్కలు చూసేవాడు. ఈల వేయడం నేను మళ్ళీ వినలేదు.

ఏడాది తిరక్కుండానే, నేను సెలవుకి గూడెం వచ్చి ఉన్నప్పుడు, పెద్దమావయ్య మా గుమ్మంలోకి వచ్చాడు. అసలైన కార్బ్యురేటర్లు బిగించిన దగ్గర్నుంచీ కారు దగ్గుతోంది. కొంతదూరం వెళ్ళి ఆగిపోతోంది. హైదరాబాదు మెకానిక్‌లు వచ్చి చూసి వెళ్ళారు, ఎవరివల్లా కాలేదు. ఈసారి మొదటి బహుమతి ఖాయం, కానీ కారు స్టేజీ దాకా తనంతట తాను నడిచి రావాలని నియమం. తమ్ముడు ఒక్కసారి వచ్చి చెవి పెట్టి వింటే చాలని అడిగాడు. అడగడం అలవాటులేని మనిషి, కుర్చీ అంచున కూర్చుని అడిగాడు. చిన్నమావయ్య క్యాలిపర్ తోలుపట్టీకి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. తలెత్తకుండా, ఎప్పటి మర్యాదతోనే అన్నాడు.

“కంపెనీవాళ్ళని అడగండి అన్నయ్యా.”

అమ్మ కాఫీ తెచ్చేసరికి పెద్దమావయ్య లేచి వెళ్ళిపోయాడు. నాకు లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. చిన్నమావయ్యకి మాత్రం కాదు. ఆ సాయంత్రమంతా ఆయన అదే పట్టీకి మళ్ళీ మళ్ళీ నూనె రాస్తూ కూర్చున్నాడు. సీసా మూత పెట్టడం మరిచిపోతే నేనే పెట్టాను.

అన్నదమ్ములు మళ్ళీ కలుసుకోలేదు. ఆ దశాబ్దం ముగిసేలోపే పెద్దమావయ్య గుండె ఆగి పోయాడు. మేం చిన్నమావయ్యని తీసుకుని ఏలూరు వెళ్ళాం. సమాధుల తోటలో ఆయన కర్రమీద ఆనుకుని చివరిదాకా నిలబడే ఉన్నాడు, కుర్చీ వేస్తామన్నా వద్దన్నాడు. ఇంటికి తిరిగొచ్చాక అత్తయ్య షెడ్డు తలుపు తీసింది. కారు గుడ్డ కప్పుకుని ఉంది. అప్పుడు చెప్పింది, అన్నేళ్ళూ మాలో ఎవరికీ తెలియని సంగతి. కారు వచ్చిన కొత్తలో తాతయ్య రోజూ సాయంత్రం పెద్దకొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని కాలవ గట్టున తిప్పేవాడట. తమ్ముడికి జబ్బు చేశాక ఇంట్లో ఎవరికీ తీరిక లేక అతన్ని హాస్టల్లో వేశారట. కొన్నేళ్ళ తర్వాత సెలవులకి వచ్చి చూస్తే కారులో రాడ్లు ఉన్నాయి, పక్కసీట్లో తాతయ్య ఉన్నాడు, స్టీరింగు దగ్గర తమ్ముడున్నాడు. “నిద్రలో కూడా ఆ సంగతే అనేవారండీ,” అంది అత్తయ్య. తర్వాత తాళంచెవి మరిదిగారి ముందు పెట్టి, మీ నాన్నగారి కారు, మీరే తీసుకెళ్ళండి అంది.

చిన్నమావయ్య తాళంచెవి చేతిలోకి తీసుకుని చూశాడు. మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టాడు.

“నాకు దీన్ని నడపడం రాదు వదినా,” అన్నాడు.

పెద్దమావయ్య తిరిగి చేరాలనుకున్నది ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరికో కాదు, తమ్ముడికి ఇంకా జబ్బు చేయని ఒక సాయంకాలానికి అని నాకు అప్పుడు అర్థమైంది. ప్రతి మేకూ ప్రతి మరా వెతికి తెచ్చి ఆయన అక్కడిదాకా దాదాపు వెళ్ళాడు. కానీ గడిచిపోయిన కాలంలోకి దారి వేయాలంటే, ఆ మధ్యలో బతికిన మనుషుల్ని కూల్చుకుంటూ పోవడం తప్ప ఇంకో మార్గం ఉన్నట్టు లేదు.