మిరపగింజల్లో పడ్డ బంగారం

ఈ రోజు నేను బంగారం తీశానహో! నిజం బంగారం!

పాత కంప్యూటర్ ర్యామ్ ముక్కల అంచున సన్నటి బంగారు పూత ఉంటుంది. మా ఆయన రిపేర్ షాపులో పారేసినవన్నీ పోగేసి, మాస్కు, గ్లౌజులు వేసుకుని, నెలల తరబడి డాబా మీద యాసిడ్లతో కుస్తీ పట్టాను. "పిచ్చి ముదిరింది" అని అత్తయ్య రోజూ అనేవారు. ఈ మధ్యాహ్నం ఆ పూత పొట్టునంతా కరిగిస్తే ఆవగింజంత పచ్చటి పూస వచ్చింది!

చల్లారగానే అరచేతిలో పెట్టుకుని అత్తయ్య దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ ఎండుమిరపకాయల గింజలు దులుపుతున్నారు. ఆ ఘాటుకి గట్టిగా తుమ్మాను. పూస ఎగిరి గింజల కుప్పలో పడింది.

"ఏం పడేశావే?"

"బంగారం, అత్తయ్యా!"

"ఓసి నీ దుంపతెగ! కదలమాక, అక్కడే నిలబడు!"

ఆవిడే చేట తెచ్చారు. ఇద్దరం తుమ్ముతూ, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ కుప్పంతా చెరిగాం. గింజలు ఎగిరిపోయి చివరికి పూస తళుక్కుమంది. అత్తయ్య నన్ను వాటేసుకుని ఒకటే కేకలు!

"ముక్కుపుడక అవుద్దా?" అన్నారు కాసేపటికి.

"చాలదత్తయ్యా. ఇలాంటి కంప్యూటర్, ఫోన్ సామాను ఇంకా బోలెడు కావాలి."

ఆవిడ మెల్లగా తల తిప్పి, మాట్లాడుతున్న మావయ్య చేతిలోని ఫోన్ వైపు చూశారు.

మీ ఇంట్లో చెడిపోయిన కంప్యూటర్లుంటే కామెంట్లో చెప్పండి. పనిచేసేవుంటే మాత్రం అత్తయ్య కంటపడకుండా దాచుకోండి!