పదింటిలో మూడే మొలిచాయి

మా చిన్నప్పటి బడిలో ఒకరోజు... విజయ టీచర్ మమ్మల్నందరినీ వరండాలో కూర్చోబెట్టి, తలా ఒక తడి గోనెపట్ట ముక్క చేతికిచ్చింది. "ఇంటికాడి నుంచి తెచ్చిన గింజలు తీయండి" అంది.

మాది ముదిగుబ్బ దగ్గర మెట్ట ఊరు. వాన పడితే వేరుశనగ, పడకపోతే గొర్రెల వెంట పోవడం. బడికి రెండు గదులు, ఇద్దరు టీచర్లు. ఒకాయన హెడ్మాస్టరు. రెండో ఆమె విజయ టీచర్... చంటిబిడ్డను వాళ్లమ్మ దగ్గర వదిలి, రోజూ ధర్మవరం నుంచి బస్సులో వచ్చేది.

ఆమె పాఠం చదివించేది కాదు, చేయించేది. నీడ పాఠమైతే ఎండలో కట్టె నాటించి నీడను కొలిపించేది. గాలి పాఠమైతే గ్లాసు అడుగున కాగితం కుక్కి, బోర్లించి బకెట్టు నీళ్లలో ముంచమనేది. బయటికి తీస్తే కాగితం తడిసి ఉండేది కాదు... మేం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం.

ఆ రోజు విత్తనం పాఠం. అప్పటికే మా ఇళ్లలో విత్తనాల మూటలు దిగి ఉన్నాయి. తొలి వాన కోసం ఊరంతా ఎదురు చూస్తోంది. తలా పది గింజలు పట్టలో వరుసగా పేర్చి, చుట్టి, దారం కట్టి గది మూల పెట్టాం. రోజూ నీళ్లు చిలకరించాం. విప్పి చూడాలని ఒకటే ఆత్రం... "గింజకు దాని టైము దానికుంటాది, ఆగండి" అనేది టీచర్.

విప్పిన రోజు నా పట్టలో మూడే మొలిచాయి. మిగతావి బూజు పట్టి మెత్తబడ్డాయి. నా పక్కన కూర్చునే నాగరత్నవీ దాదాపు అంతే. ఇంట్లో దాచుకున్న పాత విత్తనం తెచ్చిన పిల్లల పట్టల్లో మాత్రం తెల్లటి మొలకలు నిండుగా ఉన్నాయి. "మీవి యాడివి, మీవి యాడివి" అని మాలో మేమే అడుక్కున్నాం. మొలవనివన్నీ ఒకే షాపు మూటలవి.

టీచర్ అందరి పట్టలూ ఒక్కొక్కటిగా చూసింది. తర్వాత "ఇండ్లకు తీస్కపోయి చూపించి, మళ్లీ తెచ్చి ఈడనే పెట్టండి" అంది. అంతే అంది.

మా నాయన చూసి నవ్వాడు. "నువ్వు చదువుకునేకి పోతాండావా, మాకు సేద్యం నేర్పేకి పోతాండావా? షాపాయన మనకు నిన్న మొన్న తెలిసినోడా పాపా, ఊరికే ఉండు" అన్నాడు.

నాగరత్న వాళ్ల అవ్వ మాత్రం ఒక్కో గింజా నలిపి చూసి, మర్నాడే మూట బండికెత్తించి వెనక్కి పంపింది. ఆమెను చూసి ఇంకొందరు పంపారు.

రెండు రోజులకే షాపాయన మోటార్ సైకిలేసుకుని బడికి వచ్చాడు. మా ముందే టీచర్ని నిలదీశాడు.

"ఏమమ్మా, నీకు జీతం పిలకాయలకు పాఠాలు చెప్పేకి ఇస్తాండారా, మా యాపారం చెడగొట్టేకి ఇస్తాండారా?"

"నేనేం చెప్పలేదప్పా. పిల్లోళ్లు చేసి చూసినారు. పట్టలు ఈడనే ఉండాయి, మీరూ చూడండి" అంది టీచర్.

ఆయన చూడలేదు. మూలనున్న పట్టలను కాలితో తోసేశాడు. మేం కిందికి వంగి మట్టిలోంచి మొలకలు ఏరుకుంటుంటే, హెడ్మాస్టరు ఆయనకు కుర్చీ వేశాడు. టీచర్ వైపు తిరిగి "పెద్దోళ్లతో మనకెందుకమ్మా" అన్నాడు.

వాన పడింది. నాయన విత్తాడు. పది రోజులకు చేనికి పోయి చూస్తే సాలు పొడవునా ఖాళీలే... ఇక్కడొక మొక్క, అక్కడొక మొక్క. మళ్లీ విత్తుదామంటే చేతిలో విత్తనం లేదు, అదునూ దాటిపోయింది. నాయన గట్టు మీద కూలబడి "ఆయమ్మ మాట ఇనింటే బాగుండు" అన్నాడు.

అదే వారంలో టీచర్‌కు బదిలీ కాగితం వచ్చింది. పాఠాలు మాని పిల్లలతో సేద్యం పనులు చేయిస్తోందని ఎవరో పైకి ఫిర్యాదు రాశారట. గాండ్లపెంట అవతల బడికి వేశారు. చంటిబిడ్డ తల్లిని... అంత దూరం.

"బడికాడికొచ్చి చెప్పు నాయనా, టీచర్ తప్పేం లేదని" అని ఏడ్చాను.

"మనమెవరం చెప్పేకి" అన్నాడు.

మూట వెనక్కిచ్చి బయటపడ్డవాళ్లున్నారే... వాళ్లూ రాలేదు. వేరే విత్తనం వేసుకున్న చేను పచ్చగా ఉంది కదా, ఇంకెందుకొస్తారు? నాగరత్న వాళ్ల అవ్వ ఒక్కతే వచ్చి, హెడ్మాస్టరును అనాల్సినవన్నీ అని పోయింది. ముసలామె మాట ఎవరు వింటారు?

చివరి రోజు కూడా టీచర్ పాఠం మానలేదు. అయస్కాంతంతో వాగు ఇసుకలోంచి ఇనుప రజను తీయించింది. "మీరు పోవద్దు టీచర్" అని నాగరత్న కొంగు పట్టుకుంటే, "ఆడ కూడా పిల్లోళ్లు ఉండారు కదమ్మా" అని తల నిమిరి బస్సెక్కింది.

ఆమె స్థానంలో ఆ ఏడాదంతా ఎవరూ రాలేదు. మేం ప్రశ్నలు, జవాబులు చూసి రాసుకుంటూ కూర్చున్నాం. దానికి మాత్రం ఎవరూ ఫిర్యాదు రాయలేదు.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే... హిందూపురంలో మా పాప చదివే బడిలో పోయిన వారం సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టారు. టేబుళ్ల నిండా షాపులో కొన్న మోడళ్లు, వాటి పక్కన బట్టీ పట్టిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు అప్పజెప్పే పిల్లలు. ప్రతి టేబులు మీదా "ముట్టుకోరాదు" అని చీటీ. అద్దాల బీరువాలో సైన్సు సామాను తళతళలాడుతోంది... తాళం వేసి.

"పిల్లలకు ఇవ్వరా సార్?" అని అక్కడున్న సైన్సు మాస్టారును అడిగాను.

"పగలగొడతారు మేడమ్."

"పగలగొట్టనీండి సార్. పగిలితే లోపల ఏముందో అయినా చూస్తారు" అన్నాను. పక్కనున్న తల్లిదండ్రులు నన్ను వింతగా చూశారు. చూడనీ.

నేర్పించిన ఆమెను తరిమేశాం. తాళం వేసినవాళ్లకు ఫీజు కట్టి దండం పెడుతున్నాం. ఇదేం న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు...

మీ చేతికి మట్టి అంటించి, చదువంటే ఇది అని చూపించిన టీచరమ్మో, అయ్యవారో మీకూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్ల గురించి కింద నాలుగు మాటలు రాయండి... వాళ్లకు అవసరమైనప్పుడు మన ఊళ్లు ఎలాగూ నోరు తెరవలేదు.