తిమింగలానికి కట్టుడు పళ్ళు

కట్టుడు పళ్ళు చేసే ఆవిడకు మనుషుల మీద నమ్మకం తక్కువ. దంతవైద్యులు పంపే అచ్చుల్లో ఆవిడకు అందరి గుట్టూ తెలిసిపోయేది. నిద్రలో పళ్ళు కొరికే అలవాటే లేదన్న పెద్దమనిషి పళ్ళు సగానికి అరిగిపోయి ఉండేవి. అంతెందుకు, సొంత అత్తగారే కోడలు చేసిన పళ్ళతో గట్టి గింజలు పటపటా కొరుకుతూ, "సరిగ్గా కుదర్లేదమ్మా" అని ఇరుగుపొరుగుకి చెప్పేది.

ఒకరోజు ఒక బక్కపలచటి మనిషి వచ్చి, దూది పరిచిన డబ్బా తెరిచాడు. అందులో గోధుమరంగు పన్ను ఒకటి ఉంది. అరచెయ్యంత వెడల్పు, రంపంలాంటి అంచులు, రెండు వేర్లు.

"ఇలాంటివి కొన్ని చేసిపెట్టాలమ్మా. పాతగా కనిపించాలి."

"ఏ జంతువుది?"

"తిమింగలానిది. కోట్ల ఏళ్ళ నాటిది. మాది మ్యూజియం."

రెండో డబ్బాలో ఇంకో పన్ను చూపించాడు. అది నున్నగా, మేకులా ఉంది. వేరు ఒక్కటే.

"ఇవీ కావాలి. రెండూ ఒకే నోటివి."

ఆవిడకు ఒళ్ళు మండింది. తిమింగలాల చుట్టాలైన డాల్ఫిన్ల బొమ్మలు తనూ చూసింది. వాటి పళ్ళన్నీ ఒకే తీరుగా ఉంటాయి. పైకి మాత్రం, "చూస్తాలెండి" అని, ఆ పళ్ళకు అచ్చులు తీసుకుని పంపేసింది.

"దొంగ సరుకే అత్తయ్యా! రెండు జంతువుల పళ్ళు కలిపి ఒకటేనంటున్నాడు. నాతో చేయించి, పాతవని అమ్ముకుంటాడు. రేపు పోలీసులొస్తే అచ్చులు దొరికేది మనింట్లో!"

"అయితే ఆ నోరేదో చూపించమను" అంది అత్తగారు.

అతను మళ్ళీ వచ్చినప్పుడు ఆవిడ అదే అడిగింది. అతను నసిగాడు. "బయటివాళ్ళని ఇంకా రానివ్వట్లేదమ్మా."

ఆ మాటతో అనుమానం రెట్టింపైంది. అచ్చులు బీరువాలో పెట్టి తాళం వేసింది. పుర్రె చూడందే పని ముట్టుకోనని తెగేసి చెప్పింది. వారం తర్వాత అతను అనుమతి తెచ్చుకున్నాడు. అత్తాకోడళ్ళిద్దరూ బయల్దేరారు.

మ్యూజియం వెనక గదిలో, ఇసుక మెత్తల మీద పొడుగుమూతి పుర్రె ఉంది. ఆవిడ ముందు, అతికించారేమోనని జిగురు వాసన కోసం చూసింది. రాలేదు. తర్వాత చేతికి తొడుగు వేసుకుని, అతను చూస్తుండగా దవడ వెంట వేలు పోనిచ్చింది. ముందు భాగంలో మేకు పళ్ళు, వెనక రంపపు పళ్ళు. మధ్యలో ఖాళీలున్నా, ఉన్నవన్నీ ఒకే ఎముకలో దిగి ఉన్నాయి.

"ముందువి పట్టుకోడానికి, వెనకవి కొయ్యడానికి" అన్నాడతను. "అప్పట్లో ఒక్కో రకం తిమింగలానిది ఒక్కో తీరు నోరు. కొన్నిటికి అసలు పళ్ళే ఉండేవి కాదు. చేపల్ని నోట్లోకి పీల్చుకుని మింగేసేవి."

"పాపం, నాలాగే" అంది అత్తగారు.

"మరి పాతగా కనిపించాలన్నారెందుకు?" ఆవిడ ఇంకా వదల్లేదు.

"ఖాళీల్లో పెట్టేవి పక్కవాటి రంగుకు దగ్గరగా ఉండాలని. కానీ ఒక ఛాయ లేతగా చెయ్యాలి. ఏవి అసలువో, ఏవి చేసినవో చూసేవాళ్ళకి తెలియాలిగా."

"ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా!"

"మీరు చెప్పనిస్తేగా అమ్మా!"

ఆవిడ మొహం కాస్త చిన్నబోయింది. ఆ పళ్ళు మాత్రం మనసుపెట్టి చేసింది.

పుర్రెను ప్రదర్శనకు పెట్టిన రోజు, అద్దాల పెట్టె ముందు ఒకాయన భార్యతో అంటున్నాడు: "అంతా ప్లాస్టర్. జనాన్ని వెర్రివాళ్ళని చేస్తున్నారు."

ఆవిడ గిర్రున తిరిగింది. "లేతరంగువి మాత్రమే చేసినవండీ. అవి నేనే చేశాను. మిగతావి దాని సొంత పళ్ళు. వేలు పెట్టి మరీ చూశాను."

ఆయన ఆవిడను ఎగాదిగా చూసి, "మీరు వీళ్ళ మనిషేగా" అంటూ వెళ్ళిపోయాడు.

అత్తగారు గోడమీది బోర్డు కూడబలుక్కుని చదివింది. "తిమింగలాల పూర్వీకులు నేలమీద నడిచేవని రాశారే! నిజమేనంటావా?"

"ఏమో అత్తయ్యా! ఆ కాళ్ళు కూడా చూపించమందాం" అంటూ ఆవిడ బక్కపలచటి మనిషిని వెతుక్కుంటూ వెళ్ళింది.