నీళ్ళడగని మొక్కలు

మా ఆయనంత పిచ్చి మనిషిని నేను ఏడ చూడలే. పేరు వీరేశం. మాదాపూర్ల అద్దాల ఆఫీసుకు మాలి. నేను అండ్లనే ఊడుస్త. పుప్పాలగూడ నుంచి ఇద్దరం ఒక్క సైకిల్ మీదనే వస్తుంటిమి. ఎవ్వరితోని ఎక్కువ మాట్లాడడు గని, మొక్కల ముచ్చటొస్తే నోరు మూయడు.

తొంబై తొమ్మిదిల ఎండలు ముదరకముందు, ఆఫీసు చూసుకునే ఉదయ్ భాస్కర్ సారు ఆయనను పిలిచిండు. కోస్తా మనిషి, మాట మెత్తగుంటది.

"వీరేశం గారూ, ఈ గడ్డి, గులాబీలతో వేగలేకపోతున్నామండి. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉండాలి, రోజూ మనిషి అవసరం రాకూడదు. ఏం పెడదామో మీరే చెప్పండి."

ఆయన పనికే ఎసరొచ్చిందని పక్కన మెట్లు తుడుస్తున్న నాకు సమజైంది. ఈయనకేమో సారు తనను అడిగిండన్న సంబురమే.

ఇంటికాడ నిలదీసిన. "ఓ మనిషీ, జర తెలివున్నదా? నీ పని తీసేసే మొక్కలు నువ్వే చెప్తవా? నీళ్ళు బాగ తాగేటివి నాలుగు చెప్పరాదు!"

"నమ్మి అడిగినోనికి అబద్ధం చెప్తనా అంజమ్మా? నాతోని గాదు," అన్నడు.

ఎండ పడే దిక్కు గన్నేరు, నూరువరహాలు, బిళ్ళగన్నేరు పెట్టిచ్చిండు. గోడ నీడకు ఫెర్న్ మొక్కలన్నడు. రోజూ తడపకుంటే అవి ఎండిపోతయేమో అని సారు వెనక్కి తగ్గిండు. అప్పుడన్న ఊకుండొద్దా? మా మహానుభావుడు ఏసీల నీళ్ళు దినమంత కారే జాగకు తోల్కపోయి, "ఈడ పెట్టుండ్రి సారూ, ఎవ్వరు పొయ్యనక్కరలేదు," అన్నడు. ఆ ఒక్క మాట మింగితే ఏం పోయేది!

మొక్కలు నాటుకున్నంక సారు తల దించుకొని చెప్పిండు. నెలకోసారి ఎవరో వచ్చి కత్తిరిస్తే చాలంట, ఈయన రావద్దంట. "మంచిది సారూ," అని చేతులు కడుక్కొని వచ్చిండు మా ఆయన.

ఇగ బాలానగర్ల ఒక షెడ్డుల ఇనుము మోసే పనికి పోతున్నడు. అరచేతులు పగిలినయ్. పొద్దుగూకి అన్నంకాడ కూసుంటే ఒక్కటే అడుగుతడు, "మొక్కలు ఎట్లున్నయ్?" అని.

ఒకనాడు నాకు ఒళ్ళు మండింది. మళ్ళ పిలుస్తరన్న ఆశన్న ఉంటదని, "అన్నీ ఎండినయ్. మాలి లేక సారు పరేషాన్ అయితున్నడు," అన్న.

కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఫెర్న్‌లు గూడనా?"

"అవి గూడ."

"నేనే తప్పు చెప్పిన్నేమో," అని పళ్ళెం పక్కకు నూకిండు. పని పోయిన నాడు గూడ ఆ మొఖం అట్ల కాలే. నాకు ఏడుపు ఆగలే.

"అబద్ధం చెప్పిన. అన్నీ పచ్చగున్నయ్. ఒక్కటన్న పోలే," అన్న.

"అట్ల చెప్పు మరి," అని పళ్ళెం దగ్గరికి గుంజుకొని కడుపునిండ తిన్నడు. నాకైతే ముద్ద దిగలే.